కట్టెల గస్తీ

మధ్యాహ్నం రెండింటికి హెలికాప్టర్ దిగింది. ఎర్రమట్టి, ముళ్ళతుప్పలు, నలభై నాలుగు డిగ్రీల ఎండ. ఆఫ్రికాలో శాంతి దళంతో ఏడాది డ్యూటీ. మా బెటాలియన్ ఒక శరణార్థి శిబిరానికి కాపలా. నేను వైద్య విభాగంలో హవల్దారుని. హెల్మెట్, రక్షక కోటు కలిపి పదకొండు కిలోలు.

వారం తిరక్కుండానే డాక్టర్ మేజర్ సాబ్ ఆర్డరిచ్చారు: శిబిరంలో హెచ్‌ఐవీ నివారణకు ప్లాను తయారుచెయ్యి. లెక్కలు నేను సొంతంగా నేర్చుకున్నవే. గుడారాలు, మనుషులు, పరీక్ష కిట్లు, కండోమ్‌లు అన్నీ లెక్కగట్టి ఇచ్చాను. పోస్టర్లు అంటించాం: "రక్షణ లేకుండా వెళ్ళకండి. రక్షణ మా గుడారంలో ఉచితం." దుబాసీ దాన్ని వాళ్ళ భాషలోకి మార్చాడు.

మర్నాడు పొద్దున్నే రేడియో పలికింది. మా ఆపరేటరుది మా దుర్గ్ దగ్గరి కుమ్హారి ఊరు, రైల్వే పనికొచ్చి అక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబం. నాతో మాత్రం తెలుగే.

"గురువుగారూ, మీ గుడారం ముందు ఆడోళ్ళు లైను కట్టేసినారు. చేతుల్లో గొడ్డళ్ళున్నాయి."

"ఏటి? గొడ్డళ్ళా?"

"తాళ్ళు కూడాను. పోస్టరు సూపర్ హిట్ భయ్యా. ఓవర్."

వెళ్ళాను. ముందు నిలబడ్డది శిబిరంలో పురుళ్ళు పోసే పెద్దావిడ. అందరూ మామా అంటారు, వాళ్ళ భాషలో అమ్మ అని. ఆమె మాట దుబాసీ చెప్పాడు: "రక్షణ ఇస్తామన్నారుగా. కట్టెలకు బయల్దేరాం. సిపాయిలేరీ?"

దుబాసీ 'రక్షణ'కు పెట్టిన మాటకు వాళ్ళ భాషలో తుపాకీ పట్టిన కాపలా అనే అర్థం. కండోమ్ సంగతి ఎవరికీ తట్టలేదు. నా వెనకే వచ్చిన మేజర్ సాబ్ నవ్వేశారు. మామా నవ్వలేదు.

"ఆ జబ్బు గుడారంలో కూర్చుంటే వస్తుందా? కంచె దాటాక దారిలో మగాళ్ళు కాపు కాస్తారు. మావాళ్ళని అక్కడే పాడుచేస్తున్నారు. ముందు ఆ దారి చూడండి."

నా ప్లానులో ఆ దారే లేదు.

తర్వాత ఆమె మెల్లగా ఇంకో మాట చెప్పింది. ఆ దారిలో చిక్కినవాళ్ళలో తన కోడలు ఒకతి. ఇప్పుడు ఏడో నెల. పరీక్ష గుడారంలో కాలు పెడితే శిబిరమంతా పేరు పెడుతుందని రావడం లేదు. జబ్బు ఉంటే కాన్పుకు ముందే మాత్రలు మొదలవాలి. లేకపోతే బిడ్డకు ముప్పు.

ప్లాను తిరగరాశాను. మామా చెబుతుంటే రాశాను, అంతే. మంగళ, శుక్రవారాలు, ఉదయం ఐదున్నరకు కట్టెల దారిలో గస్తీ, పన్నెండు మంది సిపాయిలు. సిపాయిలు దూరంగా, వీపు తిప్పి నిలబడాలి. నీడలో మామా, మా నర్సు దీదీ ఆడవాళ్ళతో మాట్లాడతారు. ఆసుపత్రి వంటశాలకు కట్టెలు కావాలి కాబట్టి, మోపుతో వెనక గుమ్మంలోంచి ఎవరైనా రావచ్చు. పరీక్ష లోపల.

"మోపు మోసేదాన్ని ఎవరు ఆరా తీస్తారు?" అంది మామా.

మేజర్ సాబ్ చదివి, "ఇది ప్లాను" అని సంతకం పెట్టారు.

మూడో గస్తీ రోజున కోడలు మోపుతో వచ్చింది. ఆమె పేరు ఇక్కడ రాయను. జబ్బు ఉంది. ఆ పూటే మాత్రలు మొదలుపెట్టాం.

"బిడ్డకి?" అడిగింది మామా.

"మాత్రలు మానకపోతే చాలామటుకు రాదు."

"చాలామటుకు అంటే ఎంత?"

అంకె నా దగ్గర ఉంది. చెప్పలేదు. "ఒక్క మాత్ర కూడా మానొద్దు," అన్నాను.

వానల్లో ఆడపిల్ల పుట్టింది. ఆరు వారాలకు రక్తం తీసి హెలికాప్టర్‌లో పంపాం. ఫలితం వచ్చింది: పిల్లకు జబ్బు లేదు. ముందు ముందు మళ్ళీ పరీక్షలుంటాయని దీదీ తల్లికి చెప్పింది.

డ్యూటీ ముగిసింది. దుర్గ్‌లో రైలు దిగి, స్టీలు ప్లాంటు క్వార్టర్లలో సెక్టర్ 2లోని మా ఇంటికి చేరేసరికి మా బావమరిది గుమ్మంలో ఉన్నాడు.

"ఎంతమందిని లేపేసినావు బావా?"

"ఒక్కడినీ లేదు. ఆడోళ్ళకి కట్టెలకు తోడెళ్ళినాను."

"ఏటి, ఏడాదంతా అదేనా!"

అదే. ఇల్లంతా నవ్వింది, నేనూ నవ్వాను.

కళ్ళు మూసుకుంటే మాత్రం ఒకటే కనిపిస్తుంది. ఫలితం వచ్చిన మర్నాడు పిల్లను గుడ్డ ఉయ్యాలలో వేసి తూకానికి తగిలించాం. రాయడానికి పెన్ను పట్టుకుని నిలబడ్డాను. పిల్ల కాళ్ళు తన్నుతోంది. ముల్లు అటూ ఇటూ ఊగుతోంది, ఏ అంకె మీదా ఆగడం లేదు. మామా గానీ తల్లి గానీ పిల్లను ఊరుకోబెట్టడం లేదు.

తన్ననీ అని నేనూ ఊరుకున్నాను.