ముప్పై ఒకటో నంబరు గది

మా స్కూల్లో ఆవిడను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ గళ్ళ మేడం. చెప్పేది లెక్కలే అయినా పదిహేడేళ్ళుగా స్కూలు మొత్తానికి టైంటేబుల్ గళ్ళు నింపుతున్నది ఆవిడే. ఆ పనిని ఎవరూ అడిగి తీసుకోరు. ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది, పడ్డాక ఇక దిగదు. నేను డ్రాయింగ్ టీచర్ని. స్టాఫ్‌రూములో ఆవిడ పక్క కుర్చీ నాది. అందుకే ఆవిడ భయాలన్నీ నాకు కంఠతా వచ్చు.

భయపడటంలో ఆవిడను మించినవాళ్ళను నేను చూడలేదు. ఫోను మోగితే భయం, మోగకపోతే అంతకన్నా భయం. వాళ్ళాయన బస్సు డ్రైవరు. "నా బస్సులో కన్నా మా ఇంట్లోనే బ్రేకులు ఎక్కువమ్మా" అని నవ్వేవాడు. కానీ ఆ భయమే మమ్మల్నందర్నీ కాచింది. పాత రోజుల్లో అట్టముక్కలు కత్తిరించి, ఒక్కో టీచరుకు ఒక్కో రంగు వేసి, సెలవులన్నీ వాళ్ళ హాల్లో నేలమీద పరుచుకుని కూర్చునేది. ముక్కలు ఎగిరిపోతాయని ఫ్యాను వెయ్యనిచ్చేది కాదు. వాళ్ళమ్మాయి చెమటలు కక్కుతూ గొణుక్కునేదట. ఏమైతేనేం, ఒకే టీచరు ఒకే పీరియడ్‌లో రెండు క్లాసుల్లో పడిన పాపాన ఎన్నడూ పోలేదు.

రెండేళ్ళ కిందట సాఫ్ట్‌వేర్ వచ్చింది. టీచర్లను, క్లాసులను, గదులను, పిల్లల గ్రూపులను అందులో ఎక్కిస్తే అదే సర్దుతుంది. ఎక్కడైనా కుదరకపోతే ఆ గడి ఎర్రబడుతుంది. ఆవిడకు ప్రాణం లేచొచ్చినట్టయింది. "మొత్తానికి నీకన్నా పిరికిది దొరికిందక్కా" అని ఏడిపించేదాన్ని.

ఈ ఏడాది ఒక్క ఎర్ర గడి మిగిలిపోయింది. గురువారం మూడో పీరియడ్, ఎనిమిదో తరగతి సంగీతం గ్రూపు, ఇరవై ఆరుమంది పిల్లలు. వాళ్ళకు ఏ గదీ ఖాళీ లేదు. మిగతాదంతా కుదిరిందో లేదో చూసుకుందామని ఆవిడ ఒక ఉత్తుత్తి గది పెట్టింది. ఈ పని చేసేవాళ్ళందరూ చేసేదే, తర్వాత తీసేస్తారు. మాకున్నవి ముప్పై గదులు కాబట్టి ముప్పై ఒకటి అని కొట్టింది. ఎరుపు పోయింది. ఇంతలో హెడ్మాస్టరు గారు ప్రింట్ల కోసం మనిషి మీద మనిషిని పంపారు. ఆవిడ అలాగే ఇచ్చేసింది.

మొదటి గురువారం మూడో పీరియడ్ మా ఇద్దరికీ ఖాళీ. గోడకు అంటించిన టైంటేబుల్ చూస్తూ ఊరికే అడిగాను.

"అక్కా, మనకు ముప్పై ఒకటి ఎక్కడుంది?"

"ఎక్కడా లేదు" అంది పేపర్లు దిద్దుతూ. ఆ తర్వాత పెన్ను ఆగింది. "ఏం చూసి అడుగుతున్నావు?"

"సంగీతం గ్రూపుకు వేశావుగా. వెనక బిల్డింగులో పైన..."

ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

వెనక పాత బిల్డింగును పోయిన వానాకాలం మూసేశారు. మెట్లు బీటలువారాయని, పైన మనుషులు తిరగకూడదని ఇంజనీరు చెప్పి, తాడు కట్టించి, బోర్డు పెట్టించి వెళ్ళాడు. పైఅంతస్తులో ముప్పై ఒకటి నుంచి ముప్పై నాలుగు దాకా గదులు. ఆ నాలుగింటినీ కంప్యూటర్లోంచి తీసేసింది గళ్ళ మేడమే. తీసేసిన రోజే అవి ఆవిడ బుర్రలోంచీ పోయాయి. తలుపుల మీద అంకెలు మాత్రం పోలేదు. సంగీతం మాస్టారు సోమవారమే ఉద్యోగంలో చేరాడు. పాపం ఆయనకేం తెలుసు? కాగితంలో ఉంది కదా, బోర్డు పాతదేమో అనుకుని తాడు దాటి వెళ్ళుంటాడు.

ఆవిడ సొరుగులోంచి ఆ గ్రూపు లిస్టు లాక్కుంది, ఇద్దరం పరుగెత్తాం. వరండా మలుపు తిరిగేసరికి పాట వినిపించింది. పిల్లలు గొంతెత్తి పాడుతున్నారు, కాళ్ళతో తాళం వేస్తున్నారు. ఆ చప్పుడు పాత బిల్డింగు పైఅంతస్తులోంచే.

గళ్ళ మేడం వాచీ చూసుకుంది. "బెల్లుకు ఆరు నిమిషాలుంది. బెల్లు వింటే ఒక్కసారిగా మెట్లమీద పడతారే. నువ్వెళ్ళి ఆపు. నేను పైకెళ్తా."

"అక్కా, నువ్వెలా..."

"వెళ్ళవే!" అని అరిచింది. ఆవిడ అరవడం నేనదే మొదటిసారి వినడం.

అటెండరు బాబాయ్ అప్పటికే సుత్తి పట్టుకుని నిలబడ్డాడు. "బెల్లు కొట్టొద్దు బాబాయ్" అన్నాను రొప్పుతూ.

"అదేంటమ్మా! పెద్దసారు చెప్పకుండా ఎట్టా ఆపేది?"

"పాత బిల్డింగులో పిల్లలున్నారు. పైన."

ఆయన సుత్తిని కింద పెట్టి దానిమీద కాలు పెట్టాడు.

నేను తిరిగొచ్చేసరికి పాట ఆగిపోయింది. గళ్ళ మేడం మెట్ల పైన లిస్టు పట్టుకుని నిలబడి, రోజూ చేసే పనిలా రోల్ నంబర్లు పిలుస్తోంది. ఒక్కో పిల్ల, ఒక్కో పిల్లాడు గోడవారగా దిగాలి. ఒకరు నేలమీద కాలు పెట్టాకే ఇంకొకరు. "పరుగెడితే మార్కులు కోసేస్తా" అంటోంది. గొంతులో వణుకు లేదు. నేను కింద నిలబడి వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాను. చివర్న మాస్టారు, ఆయన వెనక ఆవిడ దిగారు.

ఇరవై ఐదు.

మళ్ళీ లెక్కపెట్టాను. ఇరవై ఐదే.

"ఇవాళ ఎంతమంది వచ్చారు సార్?" అని అడిగింది ఆవిడ.

"నాకింకా హాజరు పుస్తకం ఇవ్వలేదండీ. లెక్కపెట్టలేదు" అన్నాడాయన తెల్లబోయి.

పిలిచినప్పుడు పలకని నంబరు ఒక పిల్లది, ఇవాళ రాలేదేమో అని ఆవిడ దాటేసింది. "రెండో పీరియడ్‌లో ఉంది మేడం" అన్నారు పిల్లలు. "మా వెనకాలే వచ్చింది కూడా."

గళ్ళ మేడం మళ్ళీ మెట్లెక్కింది. వద్దని నేను చెయ్యి పట్టుకుంటే విదిలించుకుపోయింది. పైన ఒక్కో తలుపూ తోస్తున్న చప్పుడు, ఆ పిల్లను పిలుస్తున్న గొంతు వినిపిస్తున్నాయి. ఎక్కడో పెచ్చు ఊడి దబ్బున పడింది. నేను కళ్ళు మూసుకున్నాను. నాకు ఏ దేవుడూ గుర్తురాలేదు, వాళ్ళాయన ముఖమే గుర్తొచ్చింది. ఆవిడ దిగేసరికి జుట్టునిండా సున్నం, చేతులు ఖాళీ. కింది మెట్టుమీద అలాగే కూలబడింది.

అప్పుడు మెట్ల పక్కనున్న నీళ్ళట్యాంకు వెనకనుంచి ఎవరో ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. వెళ్ళి చూస్తే, పుస్తకాల సంచీని గుండెలకు హత్తుకుని ఆ పిల్ల గోడకు అతుక్కుపోయి ఉంది. మమ్మల్ని చూసి ఇంకా ముడుచుకుపోయింది.

"తాడు కట్టుంది కదా మేడం. లోపలికి రాకూడదని బోర్డుంది. అందుకని వెళ్ళలేదు" అంది. మేం ఏమీ అనకముందే గబగబా చెప్పేసింది. "టైంటేబుల్లో ఉన్నా వెళ్ళలేదు, తప్పే మేడం. వచ్చే వారం నుంచి వెళ్తాను. మా నాన్నకు చెప్పకండి."

గళ్ళ మేడం ఆ పిల్ల చెయ్యి పట్టుకుని హెడ్మాస్టరు గది వైపు నడిచింది. ఆయన ఏమంటారో, ఉద్యోగం ఉంచుతారో ఊడగొడతారో ఆవిడకూ తెలీదు, నాకూ తెలీదు. ఆ గది తలుపు కనబడగానే పిల్ల ఏడుపు అందుకుంది.

"తిట్లు నీక్కాదమ్మా, నాకు" అంది గళ్ళ మేడం. "నువ్వూరికే నా పక్కన నిలబడు, చాలు. ఒక్కదాన్నే వెళ్ళాలంటే భయంగా ఉంది."