మా ఆయన నల్లతెర

మా ఆయన ఓ ప్రెస్సులో కంప్యూటర్లు చూస్తాడు. ఇంట్లో ఆయనకో కంప్యూటర్ ఉంది. అందులో విండోస్‌కి బదులు లైనక్స్‌ని నల్లతెర మీద కమాండ్లు కొడుతూ, ఒక్కో ముక్కా చేత్తో పేర్చుకున్నాడు. వీధిలో ఎవరి కంప్యూటర్ మొరాయించినా ఆయనే దిక్కు.

ఆ గొప్పంతా మా చెల్లెలు మంటగలిపింది. బట్టలు కుట్టే కొట్టు నడుపుకునే మనిషి, కొత్తవాళ్ల కోసం చేసిన లైనక్స్‌ని నాలుగు బటన్లు నొక్కి కొట్లో కంప్యూటర్‌లోకి తనే ఎక్కించేసుకుంది. ఇప్పుడు వీధంతా చెల్లెలి దగ్గరికే పోతోంది.

ఈయనకి ఒకటే కడుపుమంట. "అదీ ఒక లైనక్సేనా? పిల్లల బొమ్మల పుస్తకం!" అంటూ కొట్టుకెళ్లి, నెట్ బాగుచేస్తానని సెట్టింగుల ఫైల్లో చేత్తో ఏదో రాశాడు. ఆపి మళ్లీ ఆన్ చేస్తే, అది ఆయన రాసింది చెరిపేసి పాతదే పెట్టుకుంది. రెండోసారీ అంతే.

"నేనంటే లెక్కే లేదు దీనికి!" అని అరిచాడు.

"అక్కడ కాదు బావా, ఇక్కడ మార్చాలి," అని చెల్లెలు ఒక్క బటన్ నొక్కింది. పనైపోయింది.

మొహం మాడ్చుకుని ఇంటికొచ్చాడు. తన కంప్యూటర్ ఆన్ చేస్తే సౌండ్ రాలేదు. దానికి అదేం కొత్త కాదు. కానీ ఈయన మొహం వెలిగిపోయింది.

"ఏమైందే నా బంగారం?" అంటూ దాని ముందు చతికిలబడ్డాడు. భోజనానికి ఎన్నిసార్లు పిలిచినా లేచి రాలేదు.

బంగారమట, బంగారం! కాపురానికొచ్చిన దగ్గర్నుంచి ఈ ఇంట్లో నేను ఒక్కరోజు కూడా మొరాయించలేదు. అందుకేనేమో, ఏమైందే అని నన్నెప్పుడూ అడగలేదు.