మామ వద్దన్న వైరు

మొన్న మంగళవారం పొద్దున వేంపల్లె నుంచి ఫోన్ వచ్చింది. మామ పోయాడు. నిద్రలోనే పోయాడట. కడప నుంచి బస్సులో వెళ్తున్నంతసేపూ ఆయన్ను తలచుకోవాల్సింది పోయి, ఆ జనంలో అత్త ఎక్కడ పడిపోతుందోనని ఒకటే భయపడ్డాను. ఆ భయం ఆయన అంటించిందే.

మామ అంటే మా అమ్మకు అన్న. బట్టల అంగడి. అత్తకు పాటల పిచ్చి అని ఇష్టపడి హోమ్ థియేటర్ కొన్నాడు. హాల్లో టీవీ దగ్గర నుంచి అత్త గదిలోకి గడప మీదుగా స్పీకర్ వైరు లాగారు. అదే కాలికి తగులుకుని ఆమె తుంటి విరిగింది. కర్ర పట్టుకుని లేచింది కానీ పాట పెట్టనివ్వలేదు. ఆ రోజు నుంచి ఇంట్లో తాడు కనబడినా మామకు పామే.

"వైరు లేని స్పీకర్లు వచ్చినాయంట. చూసొద్దాం పదప్పా" అంటూ కడప వచ్చాడు. స్పీకర్ల అంగట్లో అందరూ సౌండు వింటుంటే, ఆయన వంగి స్పీకర్ వెనక చూశాడు.

"మరి ఈ తోక ఏందప్పా?"

"అది కరెంటుకు సార్. పాట గాల్లోనే వస్తాది."

"పాట గాల్లో వస్తే రానీ. ఆమె నడిచేది నేల మీద గదా."

జేబులోంచి నాడా తీశాడు. అత్త మంచం పక్క గోడ గూటి నుంచి నేల దాకా కొలిచి, ముడి వేసి తెచ్చుకున్నాడు. తోక ఆ ముడి దాటితే వద్దు. నాకు సిగ్గేసింది. "చుట్టి కడితే సరిపోతుంది కదా మామా" అన్నాను.

"చుట్టింది ఎప్పుడో ఒకప్పుడు ఊడుతాదప్పా."

అంగళ్లన్నీ తిరిగి, చివరికి పొట్టి తోకది కొన్నాం. గూట్లో పెట్టి, పక్కనున్న ప్లగ్గుకే తగిలించాం. పాట మధ్యలో గరగరమంటే తోక ఊడిందేమోనని మామ ముఖం పాలిపోయేది. "స్పీకర్ కన్నా నీ గుండె గోల ఎక్కువుండాది" అని అత్త నవ్వేది. ఆమె లేస్తే చాలు, ఆయన ముందు నడుస్తూ పాదంతో బండలు తడిమేవాడు. ఆ చాదస్తం చూసి నేనూ నవ్వేవాణ్ణి. అత్త మళ్లీ పడలేదంటే అది ఆ చాదస్తం చలవే.

ఇంటికి చేరేసరికి మామ హాల్లో ఐస్ పెట్టెలో ఉన్నాడు. కరెంటు కోసం ఎవరో గూటి పక్క ప్లగ్గులోంచి స్పీకర్ పీకేసి, పెట్టె వైరు తగిలించారు. అది అదే గడప మీదుగా పడి ఉంది. అత్త కర్రతో గదిలోంచి వస్తోంది. నేను జనం వెనక ఇరుక్కుపోయాను. అరిచాను గానీ ఆ ఏడుపుల్లో కలిసిపోయింది.

అత్త గడప దగ్గర ఆగింది. అచ్చం ఆయనలాగే పాదం చాపి బండను తడిమింది. వైరు తగిలింది. మెల్లగా కాలెత్తి దాటి వచ్చి, పెట్టె అద్దం మీద చెయ్యి ఆనించింది.

"దాటినాలే. ఇంక భయపడాకు" అంది.

ఆ చెయ్యి చాలాసేపు అక్కడే ఉంది.