నాకెవరూ తెలియదని రాశాను

దరఖాస్తు నూరు పదాలు దాటకూడదన్నారు. విశాఖపట్నంలో ఒక పెద్ద లా సంస్థ మాలాంటి విద్యార్థులను ఓ సాయంత్రం పిలిచి, తమ లాయర్లతో పరిచయాలు చేసుకోనిస్తుందట. ఆ పరిచయాల్లోంచే కొందరికి ఇంటర్న్‌షిప్ దొరుకుతుంది. నేను లా నాలుగో ఏడు, సెలవులకు నర్సీపట్నం వచ్చి ఉన్నాను. నాకది కావాలి, చాలా కావాలి. మా క్లాసులో సగం మందికి బాబాయో మేనమామో లాయరు. నాకున్నది చెరుకూ జీడితోటా చూసుకునే నాన్న.

తల బద్దలు కొట్టుకుని మొదటి వాక్యం రాశాను: "ఈ వృత్తిలో నాకు తెలిసినవారు ఒక్కరూ లేరు, అందుకే రావాలనుకుంటున్నాను." ఇంగ్లీషులో ఇంకా బాగుంది. నా తెలివికి నేనే మురిసిపోయి పంపేశాను.

అన్నాల దగ్గర నాన్న అడిగాడు.

"ఎవులి సేత సెప్పిస్తన్నావమ్మా?"

"దీనికి ఎవరి చేతా చెప్పించక్కర్లేదు నాన్నా."

నన్ను జాలిగా చూశాడు. మా వైపు కాగితం పెట్టడం సగం పనే. హాస్టలు సీటుకైనా, వీధిలో కరెంటు స్తంభానికైనా, పెట్టాక పెద్దవాళ్లెవరి చేతైనా ఓ మాట వేయించాలి. వేయించని తండ్రి పిల్లను గాలికొదిలేసినట్టే లెక్క.

నాకు చెప్పకుండా ఇస్త్రీ చొక్కా వేసుకుని, మా తోట జీడిపప్పు సంచిలో పోసుకుని, మా పొలం గట్టు తగాదా వాదించిన లాయరుగారింటికి వెళ్లాడు. ఆయన మంచివారు. వెంటనే విశాఖకు ఫోన్ కలిపి, "మా అమ్మాయే, నా కళ్ల ముందు పెరిగింది" అని చెప్పారట.

మర్నాడు అమ్మతో కూరగాయల బజారులో ఉండగా ఆ సంస్థ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. గొంతు ఎంతో మర్యాదగా ఉంది.

"మీకు ఈ వృత్తిలో ఎవరూ తెలియదని రాశారు కదండీ. మాకది నచ్చింది కూడా. మరి నిన్న ఒక సీనియర్ లాయరుగారు మీరు వాళ్లమ్మాయే అన్నారు?"

వంకాయల గుట్ట ముందు నిలబడి నీళ్లు నమిలాను. "మా నాన్న అడిగి ఉంటారండి... నాకు తెలియదండి..." చెప్పేది నిజమే, నాకే అబద్ధంలా వినిపిస్తోంది. "ఫర్వాలేదండీ" అందావిడ. ఆ ఒక్క మాటకు సిగ్గుతో చచ్చిపోయాను. అమ్మ ఏమైందని అడుగుతున్నా ముఖం తిప్పుకున్నాను. ఆటో ఎక్కేసరికి మెయిలు వచ్చింది, సీట్లు నిండిపోయాయని.

దారంతా మాటలు పేర్చుకున్నాను. పరువు తీశావు, నిన్నెవరు వెళ్లమన్నారు, నన్ను అబద్ధాలకోరును చేశావు. ఇంటికెళ్లి కడిగేయాలన్నంత కోపం.

నాన్న గుమ్మంలోనే ఉన్నాడు.

"ఫోనొచ్చిందా అమ్మా? పనైందా?"

"లేదు నాన్నా. సీట్లు అయిపోయాయంట."

నాన్న ముఖం వాడిపోయింది. భుజం మీద తువ్వాలు తీసి, మడతపెట్టి, మళ్లీ విప్పాడు. నా వైపు చూడలేదు.

"ఆయన మాట సాల్లేదన్నమాట. ఇంకా పెద్దోలు సెప్పాల. నాకు అలాటోలు ఎవులూ తెల్దమ్మా, నానేటి సెయ్యను."

నాన్న చేతిలో తువ్వాలు తీసుకుని నేనే మడతపెట్టాను. నేను మురిసిపోతూ రాసిన వాక్యాన్ని నాన్న తలెత్తకుండా చెప్పాడు.