నడిమి చెట్టు కాయ

"సున్నాలు, ఒకట్లు ఇస్తే చాలు" అని మా ప్రాజెక్టు సారు నల్గొండ కాలేజీ ల్యాబులో అన్న మాట నేను మరిచిపోలేదు. మరిచిపోయే ఉద్దేశమూ లేదు.

ఇంజనీరింగు చివరి ఏడాదిలో నాదీ, నా స్నేహితురాలిదీ ఒకే ప్రాజెక్టు. గేట్లు అనే చిన్న చిన్న మెట్లు వరసగా పేర్చి క్వాంటమ్ ప్రోగ్రామ్ రాయడం ఆమె వంతు, దాన్ని పరీక్షించడం నా వంతు. మామూలు బిట్టు సున్నా లేదా ఒకటి. క్యూబిట్టు ఆ రెండూ రకరకాల పాళ్లలో కలిసిన స్థితిలో కూడా ఉండగలదు. అలాంటి ఇన్‌పుట్లు కూడా ఇవ్వాలని నేను పట్టుబట్టాను. సారు వాటిని తీసేయమన్నారు. తీసేస్తే ఆ ప్రాజెక్టులో నాదంటూ ఏమీ మిగలదు.

"ప్రోగ్రామ్ పాసయిందిగా, ఇంకా ఎందుకమ్మా ఈ గోల?"

"పాసైనయన్ని ఒక్కతీరు ఇన్‌పుట్లే సార్. జర వేరే తీరుయి ఇచ్చి చూస్తే ఏమైతది?"

"చిట్యాల బత్తాయి బేరం అనుకున్నావా?"

అందరూ నవ్వారు. నా స్నేహితురాలు కూడా నవ్వింది. అదీ గుర్తుంది.

నిజంగానే మాది చిట్యాల దగ్గర బత్తాయి తోట. కొనడానికి వచ్చినవాళ్లు బాట పక్క కాయ ఒక్కటే కోసి బేరం చెయ్యరు. నడిమి చెట్లకు పోతారు, ఎండ తగిలే కొమ్మదొకటి, నీడ కొమ్మదొకటి కోసి చూస్తారు. "నా మీద నమ్మకం లేదా?" అని బాపు కోపానికొచ్చినా వినరు. నేనూ వినలేదు. సారు వెళ్లాక రకరకాల కలిసిన స్థితులు తయారుచేసి, ఫలితం కొలిచే పద్ధతినీ మార్చి నడిపాను. ప్రోగ్రామ్ తప్పింది.

"అయ్యో, ఒక గేటు ఉల్టా పెట్టిన్నే!" స్నేహితురాలు తల పట్టుకుంది. "ముందే చెప్పొద్దా?"

"చెప్పినగదనే! నవ్వుడు అయిపోతె కదా నీకు ఇనబడేది."

రివ్యూ రోజు బయటి కాలేజీ మేడం ముందు సారు, "మేము రకరకాల ఇన్‌పుట్లతో పరీక్షించాం" అన్నారు.

నేను లేచాను. "మనం కాదు సార్. నేను. మీరు తీసెయ్యమన్నరు."

మేడం నావైపు తిరిగి, "అయితే నువ్వే చెప్పమ్మా" అన్నారు. బోర్డు దగ్గరికి పోయి, నా చిట్యాల తెలుగులోనే చెప్పాను.

రివ్యూ అయ్యాక సార్లకు తినడానికి పెట్టడం మా దగ్గర ఆనవాయితీ. అందరూ సమోసాలు తెస్తారు. నేను బత్తాయిలు తీసుకుపోయాను. సారు పైనున్న కాయ ఒలిచి ఒక తొన నోట్లో వేసుకుని, "తియ్యగా ఉన్నాయమ్మా" అన్నారు.

"ఒక్కటి తిని చెప్పకండ్రి సార్," అని బుట్ట ముందుకు జరిపాను. "అడుగుది గూడ తీయుండ్రి."