పులి బోనులో ఒలింపిక్ పహిల్వాన్

ఆ రోజుల్లో మనిషి ఒక పని పట్టుకుంటే కాటికి పోయేదాకా అదే పని. నేను మాత్రం ఒక్క మధ్యాహ్నంలో మూడు పనులు మార్చిన వాణ్ణి. మొన్న మా మనవరాలు ఫోన్ చూసుకుంటూ, "తాతా, ఏదో దేశంల ఒలింపిక్స్‌ల కుస్తీ పట్టినాయన ఇనుప బోనుల గుద్దులాటకు పోయిండంట. ఇప్పుడు రేడియోల ఆటల ముచ్చట్లు చెప్తుండంట" అన్నది. "గదంతా చేసేసరికి ఎన్నేండ్లు పట్టింది ఆయనకు?" అన్నాను. "చానా ఏండ్లే పట్టి ఉంటది." "నాకు ఒక ఆదివారం పట్టింది" అన్నాను. పిల్ల ఫోన్ కింద పెట్టింది. ఇక నేను ఆగుతానా.

నేను ఒలింపిక్ పహిల్వాన్‌నే. కొత్తగూడెం కార్మికుల క్వార్టర్లలో ఎవరిని అడిగినా చెప్పేవారు. (ఒప్పుకుంటాను. మా వీధి చివర 'ఒలింపిక్ టైలర్' అని బోర్డు పెట్టుకున్నాయన మిగిలిన గుడ్డతో నాకు లంగోటీ కుట్టి, వెనక నడుము దగ్గర తన దుకాణం పట్టీ అతికించాడు. నేను బోర్లా పడ్డప్పుడల్లా అది జనానికి చక్కగా కనబడేది. బిరుదు అట్లా వచ్చింది.) బూర్గంపాడు జాతరలో ఒకే రోజు పదిమందిని పడగొట్టాను. (ఒక్కణ్ణి. వాడు కూడా బురదలో తనే జారాడు.)

ఆ పేరు విని భద్రాచలంలో డేరా వేసిన సర్కస్ మేనేజరు నన్ను పిలిపించాడు. మలయాళం ఆయన. వాళ్ల పులి ముసలిదై చచ్చిపోయింది, బోను మిగిలింది. "లోపల ఇద్దరు. కుస్తీ ఓకే, గుద్దు ఓకే, తన్ను ఓకే. తలుపుకు గొళ్లెం" అన్నాడు. నాతో తలపడేది వరంగల్ పహిల్వాన్ అట, వేళ్లు విరిచేవాడని పేరు. నేను ఛాతీ పొంగించి సరే అన్నాను. పోస్టర్లు అతికించారు. ఆ మర్నాడే నాకు కంపెనీ కాగితం వచ్చింది. అప్పటికి నేను బొగ్గు బాయిలో బదిలీ కార్మికుణ్ణి, అంటే ఎవరన్నా నాగా పెడితే వాళ్ల బదులు దిగేవాణ్ణి. సోమవారం డాక్టరు పరీక్షలో ఫిట్ అంటే నౌకరీ పర్మనెంటు. ఒక్క వేలు వంగకపోయినా అన్‌ఫిట్. పోటీయేమో అంతకుముందు రోజే, ఆదివారం.

నన్ను సాకుతున్న మా అక్క ఆ కాగితాన్ని దేవుడి పటం కింద పెట్టి నా వైపు తిరిగింది. "ఏందిరా, ఆ బోనుల పులి లేని లోటు నువ్వు తీరుస్తవా?"

"మాట ఇచ్చిన గదక్కా."

"ఇయ్యి. వేలు మాత్రం ఇయ్యకు. వేలు ఇరిగిందంటే మల్ల నా గడప తొక్కకు."

ఆదివారం వచ్చింది. బోనులో ఇంకా పులి వాసన పోలేదు. నేను సింహంలా పచార్లు చేశాను. (ఏ చువ్వన్నా వదులుగా ఉందేమో చూసుకుంటూ.) వరంగల్ పహిల్వాన్ జాడ లేదు. గంట గడిచింది. జనం ఈలలు, తర్వాత బూతులు. మైకు పట్టిన ఆయన గొంతు పోయి కూర్చుండిపోయాడు. నేను చువ్వల్లోంచి చెయ్యి చాచి మైకు లాక్కున్నాను. రేడియోలో ఆటల వ్యాఖ్యానం విని విని నాకు ఆ రాగం నోటికొచ్చు. "శ్రోతలారా, ఇప్పుడే వరంగల్ పహిల్వాన్ కుడివైపు నుంచి దూసుకొచ్చారు. ఒలింపిక్ పహిల్వాన్ పక్కకు తప్పుకున్నారు. ఆహా, ఏం తప్పుకోవడం" అంటూ లేని మనిషితో కలబడ్డాను. గాలిని ఎత్తి కుదేశాను. జనం పొట్టలు పట్టుకున్నారు. "వరంగల్ పహిల్వాన్ నా కాళ్ల మీద పడి బతిమాలుతున్నారు" అంటున్నానో లేదో, గుంపు రెండుగా చీలింది. సంచీ భుజాన వేసుకుని, గుమ్మం పట్టనంత మనిషి వచ్చి బోను ముందు నిలబడ్డాడు.

"ఏ కాలు తమ్మీ, కుడిదా ఎడమదా?" అన్నాడు.

నేను మైకు వదల్లేదు. "శ్రోతలారా, అతిథి పహిల్వాన్ దూరప్రయాణం చేసి అలసి ఉన్నారు. అలసిన మనిషి మీద చెయ్యి వెయ్యడం మా ఇంటా వంటా లేదు" అన్నాను. ఆయన భుజాన ఉన్న సంచీ దించి, జనం వైపు తిరిగి దండం పెట్టాడు. చప్పట్లు మోగాయి. మేనేజరు గొళ్లెం తీశాడు. ఆ గొళ్లెం చప్పుడంత తియ్యటి సంగీతం నేను మళ్లీ వినలేదు.

తర్వాత బస్టాండులో ఇద్దరం చాయ్ తాగుతుంటే ఆయన జేబులోంచి ఒక పోస్టుకార్డు తీశాడు. 'భద్రాచలం రోడ్ స్టేషన్‌లో దిగండి. సర్కస్ అక్కడికి ఆనుకునే ఉంది.' ఆ పేరున్న స్టేషన్ మా కొత్తగూడెంలో ఉంటుంది. అక్కడినుంచి భద్రాచలం నలభై కిలోమీటర్లు. రాముడి గుడి ఎటు అని అడుగుతూ దిగేవాళ్లను రోజూ చూసేవాళ్లం.

"మేనేజరు రాసినట్టున్నడు, పాపం తెలవక" అన్నాను.

"మేనేజరుకు తెలుగు రాయొస్తదా తమ్మీ?"

నేను ఆయనకు ఇంకో చాయ్ చెప్పాను. (అవును. ఆ కార్డు రాసింది నేనే. ఇన్నేండ్లూ మా అక్కకు కూడా చెప్పలేదు.)

"దిగంగనే ఎరికైంది నాకు" అన్నాడాయన. "నా మోకాలు కూడ ఖరాబై ఉండె. బెంచీ మీద కూసోని మూడు బస్సులు పోనిచ్చిన. గింత దిమాక్ ఉన్నోని మొకం చూద్దామని నాలుగోది ఎక్కిన."

సోమవారం డాక్టరు పిడికిలి ముయ్యమన్నాడు, మూశాను. తెరవమన్నాడు, తెరిచాను. పది వేళ్లూ విచ్చుకున్నాయి. ఫిట్ అన్నాడు. మా అక్క ఆ పూట బెల్లమన్నం వండి, ఎన్నడూ లేంది నా చేతిలో ముద్ద పెట్టింది.

రిటైరై చాలా కాలమైంది. ఇప్పుడా వేళ్లు చొక్కా గుండీ పెట్టుకోవడానికే మొరాయిస్తున్నాయి. అయినా సాయంత్రాలు స్టేషన్ దాకా నడుస్తాను. ఎవరన్నా దిగి రాముడి గుడి ఎటు అని అడిగితే, బుద్ధిగా బస్సు చూపిస్తాను. చూపించి, ఆ బెంచీ మీద కాసేపు కూర్చుని, మూడు బస్సులు పోనిచ్చి ఇంటికొస్తాను.