నలుపెక్కని గౌను

నది ఒడ్డున ఉన్న సాల్తో పట్టణంలో ఎవరైనా కన్నుమూస్తే మొదటి కబురు చర్చికి, రెండవది హెర్మీనియా ఇరిగారాయ్ ఇంటికి చేరేది. గంట మోగడం ముగిసేలోగా చనిపోయినవారి ఇంటి బట్టలన్నీ గంపలకెత్తి ఆమె వాకిట దించేవారు. మరునాడు శవపేటిక గడప దాటే వేళకు గౌన్లు, రవికలు, మేజోళ్ళు, చివరకు చేతిరుమాళ్ళు కూడా నల్లబడి, ఆరి, ఇస్త్రీ అయి తిరిగి వెళ్ళాలి. "ఇరవై నాలుగు గంటల్లో దుఃఖవస్త్రములు" అని తండ్రి రాయించిన బోర్డు తలుపు మీద ఉండేది. ఆ మాట ఒక్కనాడూ తప్పలేదు.

పెరట్లో రాగికాగు, దాని కింద ఎప్పుడూ ఆరని నిప్పు. రంగుచెక్క పొట్టును రాత్రంతా నానబెట్టి, మరగకాచి, అందులో అన్నభేది అనే ఇనుప లవణం కలిపితే చిక్కని నలుపు దిగేది. ఆ నలుపు హెర్మీనియా చేతులకు మోచేతుల దాకా పట్టి, ఏ సబ్బుకూ వదలలేదు. చర్చికి వెళ్ళేటప్పుడు తోలు తొడుగులు వేసుకునేది. ఆ చేతి వేలికి ఉంగరం తొడగడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఆమె కూడా ఎదురుచూడలేదు.

లోకంలో బట్టల తీరు ఎలా మారుతున్నదో తెలుసుకోవడానికి ఆమెకు బొమ్మల పుస్తకాలు అవసరం లేకపోయింది. ప్రతి కొత్త తీరూ ఆలస్యంగానైనా ఒకనాడు ఆమె కాగులోకి రాక తప్పదు. ముప్ఫైల దశకంలో ఏటవాలుగా కత్తిరించిన పట్టు గౌన్లు వచ్చాయి. తడిస్తే అవి పాముల్లా సాగేవి, ఆరవేసేటప్పుడు అంచులకు రాళ్ళు కట్టవలసి వచ్చేది. యుద్ధకాలంలో గుడ్డ కరువై పావడాలు మోకాళ్ళకు ఎక్కాయి, ఆడవారి భుజాలు మాత్రం సిపాయిల భుజాల్లా వెడల్పయ్యాయి. ఆ భుజాల్లో కుట్టిన దూది దిండ్లు రంగునంతా తాగేసి వారం దాకా ఆరేవి కావు. అందుచేత ముందు వాటిని విప్పి, బొత్తాలు కోసి, పేరు రాసిన గుడ్డముక్కలో మూటగట్టి, ఆ తరువాతే గౌనును కాగులో దించేది. ఇన్నేళ్ళలో ఒకరి బొత్తాం ఇంకొకరికి మారలేదు.

ఆ ఇంట్లో రంగు కోరుకున్న మనిషి ఒక్కతే, చెల్లెలు నేలిదా. హెర్మీనియా కంటే పదిహేడేళ్ళు చిన్నది. తల్లి మంచాన పడ్డనాటి నుంచి ఆమెకు జడ వేసిందీ, బడికి పంపిందీ అక్కే.

నలభై ఎనిమిదిలో నేలిదాకు ఇరవై రెండేళ్ళు. రైల్వే గుమాస్తా దార్దో బెంతాన్‌కుర్‌తో పెళ్ళి ఖాయమైంది. వసంతకాలపు నాట్యోత్సవంలో అందరి ముందూ ఉంగరాలు మార్చుకోవాలని ఇరువైపులా నిశ్చయించారు. దానికోసం ఎదురింటి దర్జీ క్లోతీల్దే ఒక గౌను కుట్టింది. ఆ ఏడాదే పారిస్ నుంచి వచ్చిన తీరు అది. నడుము పిడికిట్లో పట్టేటంత సన్నం, పావడా మాత్రం పన్నెండు మీటర్ల ఘేరాతో పిక్కల దాకా. రంగు ఈ ఊరి తోటల్లో పండే నారింజ తొన రంగు.

"ఇన్నేళ్ళూ గుడ్డ లేదు, గుడ్డ లేదని మోకాళ్ళు చూపించారు. ఇప్పుడేమో ఒక్క పిల్లకి ఊరికి సరిపడా గుడ్డ!" అని క్లోతీల్దే నోట్లో గుండుసూదులతోనే గొణిగింది. "తిన్నగా నిలబడవే. నీ మొగుడు నిన్ను ఎత్తుకోవాలంటే ముందు ఈ పావడాని ఎత్తాలి, పాపం."

"ఎత్తలేకపోతే మానెయ్యమను, నేనే వాణ్ణి ఎత్తుకుంటా," అన్నది నేలిదా, అద్దం ముందు గిర్రున తిరుగుతూ. ఆ తిరగడంలో పావడా గొడుగులా విచ్చుకుంది. గుమ్మంలో నిలబడి చూస్తున్న హెర్మీనియా నల్లని చేతులు వెనక్కి దాచుకున్నది. ఆ గౌనును తాను తాకకూడదని ఆమెకు అనిపించింది.

నాట్యోత్సవానికి పది రోజుల ముందు తల్లి చనిపోయింది.

తల్లిదండ్రులు పోతే రెండేళ్ళ దుఃఖం. మొదటి ఏడు తల నుంచి కాలి దాకా నలుపు, రెండవ ఏడు బూడిదరంగు, ఊదా. అంతకాలం నాట్యం లేదు, రేడియో లేదు, పెళ్ళి లేదు. శవం లేచేలోగా ఇంట్లో రంగుబట్ట అనేది మిగలకూడదన్నది ఊరి కట్టుబాటు. పెట్టెలో దాచితే చావు మళ్ళీ దాన్ని వెతుక్కుంటూ వస్తుందని పెద్దలనేవారు.

"ఇదొక్కటీ వద్దక్కా," అని నేలిదా గౌనును గుండెలకు అదుముకుంది. "పెట్టె అడుగున పెట్టుకుంటాను. రెండేళ్ళూ తియ్యను. ఒట్టు."

"ఊళ్ళో అందరి బట్టలూ నల్లగా చేసేది మనమే. మన ఇంట్లోనే రంగుగౌను దాచామంటే రేపు నా మొహాన ఉమ్మరూ?"

"ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది. ఇటియ్యి."

నేలిదా ఇవ్వలేదు. హెర్మీనియా ఆమె వేళ్ళు ఒక్కొక్కటిగా విడదీసి తీసుకున్నది. ఆ పావడా కాగులో ఒక్కసారిగా పట్టలేదు. సగం ఒకసారి, సగం ఇంకొకసారి ముంచవలసి వచ్చింది. నడుమ ఎక్కడా గీత పడకుండా నలుపు సమంగా ఎక్కింది. తన జీవితంలో అంతకంటే శుభ్రమైన పని చేయలేదని అప్పుడు ఆమె అనుకున్నది. తరువాతి కాలంలో ఆ మాట జ్ఞాపకం వచ్చినప్పుడల్లా ఆమె నలుపు వదలని చేతులను మళ్ళీ సబ్బుతో రుద్దుకునేది.

దార్దో మంచివాడు. ప్రతి ఆదివారం వచ్చి, నల్లబట్టల నేలిదా ఎదుట కుర్చీలో కూర్చుని, మాతే ఆకుల తేనీరు తాగి వెళ్ళేవాడు. రెండేళ్ళు పూర్తి కావడానికి పక్షం రోజులుందనగా అక్కచెల్లెళ్ళ తండ్రి పోయాడు. బూడిదరంగులోకి వచ్చిన నేలిదా మళ్ళీ నలుపులోకి వెళ్ళింది.

"మీ ఇంట్లో ఎవరూ చావకుండా ఒక్క రెండేళ్ళు గడవదా, నేలిదా?" అని దార్దో నవ్వబోయాడు. నవ్వు రాలేదు. మరుసటి ఏడు పైసాందూ పట్టణానికి బదిలీ చేయించుకున్నాడు. అక్కడ పెళ్ళయిందని క్లోతీల్దే ద్వారా తెలిసింది. యాభై రెండులో, తండ్రి దుఃఖం తీరకముందే, రేవులో కూలిచేసే నేలిదా అన్న బరువు మీదపడి చనిపోయాడు. అంటుకట్టిన కొమ్మలా ఒక దుఃఖం మీద ఇంకొకటి పెరిగింది.

అన్న దుఃఖం ముగిసిననాడు హెర్మీనియా నీలిగుడ్డ ఒకటి కొని తెచ్చి బల్ల మీద పెట్టింది. నేలిదా దాన్ని తడిమి చూసి మడతపెట్టింది.

"నలుపే బాగుందక్కా. మురికి కనబడదు."

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే హెర్మీనియా నిద్రపోగలిగేది. అప్పటినుంచి ఆమెకు మిగిలిన కోరిక ఒక్కటే. తాను కన్నుమూసేలోగా చెల్లెలిని ఒక్కసారి రంగుబట్టలో చూడాలి. క్షమించమని నోరు తెరిచి అడగడం ఆమెకు చేతకాలేదు.

ఈలోగా ఊరు మారింది. పావడాలు కుంచించుకుపోయి నడవడానికి అడ్డంపడ్డాయి, తరువాత మళ్ళీ పొట్టివయ్యాయి. పడుచులు మగవాళ్ళ పంట్లాములు తొడిగి వీధిలోకి వచ్చారు. దుఃఖం కూడా బట్టలతోపాటే పొట్టిదయింది. రెండేళ్ళు ఏడాదైంది, ఏడాది ఆరు నెలలైంది. మగవారికి చేతిమీద నల్లపట్టీ, ఆ తరువాత కోటుకు ఒక్క నల్లబొత్తాం. అరవై దాటేసరికి అది కూడా పోయింది. వాకిట్లో గంపలు ఆగిపోయాయి. వారానికి ఒకరు, నెలకు ఒకరు, అదీ ముసలివారు.

అరవై నాలుగులో ఒక ముసలమ్మ, కోడలు కొనిపెట్టిన, టెర్లిన్ అనే కొత్తరకం కృత్రిమ గుడ్డ రవికను తెచ్చింది. హెర్మీనియా దాన్ని మూడుసార్లు ముంచింది, అన్నభేది రెట్టింపు చేసింది. రవిక తెల్లగానే పైకి వచ్చింది.

"ఏంటమ్మా ఇది, నీ చేతిలో కూడా నలుపెక్కలేదా?" అని ముసలమ్మ బోసినోటితో నవ్వింది. "అయితే నా మొగుడు చావలేదన్నమాట. వెళ్ళి లేపుతానుండు."

హెర్మీనియా నవ్వలేదు. మూడు తరాల వృత్తి ఆ గుడ్డ ముందు ఓడిపోయిందని ఆమెకు అర్థమైంది. ఆ ఓటమిలోంచే రెండేళ్ళకు ఒక ఆలోచన పుట్టింది.

నేలిదాకు నలభై నిండే పుట్టినరోజుకు ఆమె నదీవీధి దుకాణానికి వెళ్ళి, నారింజ తొన రంగు టెర్లిన్ గుడ్డ ఏరి తెచ్చింది. ఏ చావూ ముట్టలేని గుడ్డ అది. చెల్లెలి పాత కొలతలతో క్లోతీల్దే కుట్టింది.

"అప్పుడు పన్నెండు మీటర్లు, ఇప్పుడు రెండు," అన్నది క్లోతీల్దే. "నడుము కూడా లేదు, బంగాళాదుంపల సంచిలా ఉంది. ఇదీ ఒక ఫ్యాషనే! అయినా ఇన్నాళ్ళకి నీకు బుద్ధొచ్చిందే, హెర్మీనియా."

నేలిదా దాన్ని ఇంట్లోనే ఒకసారి తొడుక్కుని, అద్దం ముందు కదలకుండా నిలబడి, మోకాళ్ళ మీదకు గుడ్డ లాక్కున్నది. "వచ్చే ఆదివారం చర్చికి వేసుకుంటానక్కా," అన్నది. హెర్మీనియా ఆ ఆదివారం కోసం రోజులు లెక్కపెట్టింది.

శుక్రవారం ఉదయం నది అవతల కాంకోర్దియాలో మేనత్త పోయిందని కబురు వచ్చింది. హెర్మీనియా లాంచీలో దాటి, ఖననం చూసుకుని, శనివారం మధ్యాహ్నానికి తిరిగి వచ్చింది. అవతలి ఒడ్డున మేనత్త మనవరాళ్ళు చారల గౌన్లతోనే సమాధి దగ్గర నిలబడ్డారు. వారిని ఎవరూ ఏమీ అనలేదు. దారి పొడుగునా ఆమె నేలిదాకు చెప్పవలసిన మాట కూర్చుకుంటూ వచ్చింది: ఇప్పుడెవరూ నలుపు కట్టడం లేదే, రేపు ఆ గౌనే వేసుకో.

పెరట్లో కాగు పొగలు కక్కుతున్నది. నేలిదా కర్ర పట్టుకుని కలుపుతున్నది. ఇంట్లో ఉన్న నాలుగు రంగుగుడ్డలూ అందులో ఉన్నాయి.

"గౌను కూడా వేశావా?" అని అడిగింది హెర్మీనియా.

"వేశాను. నువ్వు వచ్చేసరికి అయిపోవాలని."

హెర్మీనియాకు భయం వేయలేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి కాగు వైపు ధైర్యంగా నడిచింది. కర్ర అందుకుని గౌనును పైకెత్తి, చన్నీళ్ళ తొట్టిలో జాడించి, తాడు మీద పరిచింది. రంగు కొంచెం మాసినా నారింజ రంగే నిలిచింది. అయితే క్లోతీల్దే కుట్టింది నూలుదారంతో. గుడ్డ తాగని నలుపునంతా దారం తాగింది. భుజాల వెంట, చంకల కింద, మెడ చుట్టూ, అంచు పొడుగునా, ప్రతి బొత్తాం కాజా చుట్టూ నల్లచీమల బారుల్లా కుట్లు తేలాయి. మనిషిని ఎక్కడెక్కడ కోసి అతికారో చూపించినట్టుగా ఉన్నది. మరుగునీటిలో పడ్డ ముడతలు ఇక ఏ ఇస్త్రీకీ లొంగవు. బొత్తాం పొరపాటు కూడా చేయని మనిషి దారాన్ని మరిచిపోయింది.

"నలుపు పట్టదని నీకు తెలుసు కదూ?" అన్నది నేలిదా, తాడు వైపే చూస్తూ. "తెలిసే ఈ గుడ్డ కొన్నావు."

"తెలుసే. నీ నుంచి దీన్ని ఎవ్వరూ లాక్కోకూడదని..."

"లాక్కున్నది ఎవరో కాదుగా."

హెర్మీనియా తొట్టి గట్టు మీద కూర్చుంది.

"ఆ రోజు నలుపు నువ్వే నిర్ణయించావు," అన్నది నేలిదా నెమ్మదిగా. "ఈ రోజు రంగు కూడా నువ్వే నిర్ణయించావు. మధ్యలో పద్దెనిమిదేళ్ళు. నన్నెప్పుడైనా అడిగావా అక్కా, ఏం కావాలే నీకని?"

కాగు కింద కట్టె ఒకటి చిట్లింది. హెర్మీనియా నల్లని చేతులు ఒడిలో పెట్టుకుని, వాటిని చూస్తూ అడిగింది.

"చెప్పు మరి. ఇప్పుడడుగుతున్నాను. ఏం రంగు కావాలి నీకు?"

నేలిదా తాడు మీద గౌనును చూసింది, గోడ మీద కాగే ఎండను చూసింది, పక్కింటి పెరట్లో ఆరేసిన పిల్లల బట్టలను చూసింది.

"తెలీదక్కా," అన్నది చివరకు. ఆమె గొంతులో నింద కూడా మిగలలేదు. "మరిచిపోయాను."

సాయంత్రం ప్రార్థనకు నేలిదా పాత నల్లగౌనులోనే వెళ్ళింది. హెర్మీనియా వెళ్ళలేదు. వాకిట్లో కుర్చీ వేసుకుని, సూదిమొనతో టెర్లిన్ గౌను కుట్లు ఒక్కొక్కటీ విప్పసాగింది. దారమంతా తీసివేస్తే, రంగు పట్టని దారంతో క్లోతీల్దే మళ్ళీ కుట్టగలదేమోనని ఆమె ఆశ. కానీ దారం వచ్చేసిన చోటల్లా గుడ్డలో సూది రంధ్రాలు మూసుకోకుండా అలాగే నిలిచిపోయాయి. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే వాటిలోంచి వీధి కనబడుతున్నది.

చీకటి పడే వేళకు నేలిదా తిరిగి వచ్చింది. అక్క ఒళ్ళో రెండు భుజాలు, ఒక వీపు, రెండు చేతులుగా విడిపోయిన నారింజ గుడ్డముక్కలను చూసి, దాటి పెరట్లోకి వెళ్ళి, కాగు కింది నిప్పు మీద నీళ్ళు పోసింది.